మందుల సంచి రూలు

ఆటలో మందు మరీ తేలిగ్గా దొరుకుతోందని గొడవ మొదలైంది.

తోడేలు కరిచిందా, మందు. కత్తి దిగిందా, మందు. మంచులో కాలివేళ్ళు మొద్దుబారాయా, మళ్ళీ మందే. సంచి విప్పి ఒక్క ముక్క రాసేస్తే చాలు, చచ్చేవాడు మర్నాటికి లేచి కట్టెలు కొడుతున్నాడు. ఇది ప్రాణం కోసం పోరాటమా, అత్తారింట్లో విశ్రాంతా అని ఆడేవాళ్ళలో కళ్ళజోడు అనే కుర్రాడు ఫోరంలో ఎత్తిపొడిచాడు. దాని కింద నలుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ నవ్వు బొమ్మలు చూసి ఆటకు రూళ్ళు రాసే రూలక్కకు ఒళ్ళు మండింది.

ఆట పేరు మంచుకొండ. ఫోన్లో, ఒక ఫోరంలో ఆడతారు. బొమ్మలుండవు, చప్పుళ్ళుండవు, రాతే ఆట. ఎవరి వంతులో వాళ్ళు తమ మనిషి ఏం చేశాడో నాలుగు వాక్యాలు రాయాలి. బస్సు లోయలో పడింది. బతికినవాళ్ళు కొండ దాటాలి. తిండి తక్కువ, చలి ఎక్కువ, వెనక తోడేళ్ళు, ముందు రొట్టె ముక్క కోసం పీక కోసే ఇంకో ముఠా. దెబ్బ తగిలిందో తప్పిందో ఫోరంలోని పాచికలు తేలుస్తాయి. తగిలితే ఏమవుతుందో రూలక్క తేలుస్తుంది. ఆడేవాళ్ళు ఒక్కొక్కరూ ముందు ఒక ఒళ్ళు రాసుకోవాలి. ఆ ఒళ్ళు ఎంత ఆకలికి ఆగుతుంది, ఎంత చలికి ఆగుతుంది, ఎన్ని గాయాలకు పడిపోతుంది, అన్నీ అందులో ఉండాలి. ఆటలో ఒళ్ళు లేనిది రూలక్క ఒక్కదానికే. రూలు రాసేవాళ్ళకు చలి వెయ్యదు.

ఆడేవాళ్ళంతా ఒకే షెడ్డువాళ్ళు. ప్లాస్టిక్ బకెట్లకు మూతలు పోసే షెడ్డు. అందులో రూలక్క లైన్ లీడరు. ఆటలో పుట్టిన పేరు షెడ్డులోకీ వచ్చేసింది, ఇప్పుడు అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఆమెకూ అదే ఇష్టం. లైన్ లీడరంటే పైవాడి మాట కిందికి మోసే మనిషి. రూలక్క అంటే ఆమె మాటే చట్టం.

ఆ పొద్దున ప్యాకింగు దగ్గర టేపు పిన్నికి బొటనవేలు తెగింది. అట్టపెట్టెలకు టేపు అంటించి బ్లేడుతో కోయడం పిన్ని పని, ఏళ్ళ తరబడి అదే పని. బ్లేడు జారింది, అంతే. మందుల పెట్టె అక్కడే గోడకుంది. దానికి తాళం. తాళంచెవి మేనేజరు సారు సొరుగులో. సారు వచ్చాడు. ముందు వేలును చూశాడు, తర్వాత బ్లేడును చూశాడు, తర్వాత తప్పెవరిదని అడిగాడు. ఆయన పద్ధతి అది. ఆ షెడ్డులో ఎవరికేం జరిగినా మొదటి మాట అదే. చూసినవాళ్ళు ఇద్దరు చెప్పాలి, దెబ్బ తగిలిన మనిషి ఒప్పుకోవాలి, అప్పుడే తాళం తీస్తారు. పిన్ని వేలును గుడ్డపీలికలో బిగించి పట్టుకుని, తప్పు నాదే సార్, బ్లేడు పాపం చాలా మంచిది అంది. అందరూ నవ్వారు. సారు కూడా నవ్వి తాళంచెవి పంపించాడు. నేల మీద చుక్కలను పిన్నే తుడుచుకుంది.

మధ్యాహ్నం రూలక్క షెడ్డు వెనక తుక్కు బస్తాల మీద కూర్చుని, తిండి డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఫోన్ తీసింది. సంచిలో మందు తగ్గిస్తే లాభం లేదు. మందు ఉండాలి, కళ్ళెదురుగా ఉండాలి, చేతికి రాకూడదు. దానికోసం మనిషికీ మనిషికీ మధ్య తగువు పుట్టాలి. రెండు ముద్దలు తినేలోపే రూలు దానంతట అదే వచ్చి కూర్చుంది.

'గాయపడిన మనిషికి మందు ఇచ్చేముందు గుంపు అడగాలి: తప్పెవరిది? గాయపడినవాడిదే అని ఎక్కువమంది అంటే మందు సంచిలోనే ఉంటుంది.'

చదువుకుంది. ఇంత పదునైన మాట తన బుర్రలోంచి ఎలా ఊడిపడిందా అని మురిసిపోయింది. పొద్దున్నే విన్న మాటే అని ఆమెకు తట్టలేదు. రోజూ వినే మాట చెవికి మాటలా వినపడదు.

సాయంత్రానికి ఫోరం ఊగిపోయింది. ఇప్పుడు కదా ఆట అంటే అని కళ్ళజోడు రాశాడు. అతను మూతలను వెలుతురుకు పట్టి చూసి బాగున్నవీ పనికిరానివీ వేరుచేసే కుర్రాడు. ఆటలో గుంపుకు నాయకుడు. మందుల సంచి మోసేది స్టోరు మామ. ఇక్కడా స్టోరే, అక్కడా స్టోరేనా, నా మొహాన ఇదే రాసుంది కాబోలు అని వాపోయాడు. టేపు పిన్ని మాత్రం కట్టు కట్టిన వేలితో టైపు చేసి, ఈ రూలు నాకెక్కడో తగులుతోంది రూలక్కా అంది. దానికీ నవ్వు బొమ్మలే పెట్టారు.

*

ఆ రూలు మొదట పడింది నక్క మీద.

నక్క అంటే రూలక్క తమ్ముడు ఆటలో రాసుకున్న మనిషి. తమ్ముడు మూడో ప్రెస్సు మీద ఆపరేటరు. ఆమే సారు కాళ్ళావేళ్ళా పడి ఆ పనిలో పెట్టించింది. వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందు గది అమ్మది. వెనక గదికి నడుమ దుప్పటి కట్టి ఈ పక్క అక్క, ఆ పక్క తమ్ముడు. ఇద్దరూ చెరో పక్కన పడుకుని ఒకే ఆట ఆడతారు. మాట్లాడాల్సింది దుప్పటి ఎత్తి మాట్లాడరు, ఫోరంలో రాస్తారు. అమ్మకిది పిచ్చిలా కనిపిస్తుంది. దాన్ని చావుల ఆట అంటుంది.

నక్కకు పరుగు ఎక్కువ. అందుకని గుంపు దాన్ని వాగుకు పంపింది, నీళ్ళకు. వాగు దగ్గర ముఠావాడు కాచుకుని ఉన్నాడు. పాచికలు పడ్డాయి, పక్కటెముకల కింద కత్తి దిగింది. నక్క పాకుతూ వచ్చి మందు అడిగింది. కళ్ళజోడు వెంటనే రూలు ముందు పెట్టాడు. ఒంటరిగా వెళ్ళడం ఎవరి తప్పు? నక్కదే. స్టోరు మామ ముందు ఊగిసలాడి, సంచిలో ఎంతుందో చూసుకుని, నక్కదే అన్నాడు. మిగతావాళ్ళు కూడా అదే దారి పట్టారు. పిన్ని ఒక్కతే కాదంది. మందు సంచిలోనే ఉండిపోయింది.

దుప్పటికి అవతల మంచం కిర్రుమంది. తమ్ముడు ఫోన్ పక్కన పడేసి నోటితోనే అన్నాడు.

"అక్కా, నీళ్ళకు పొమ్మన్నది వాళ్ళే."

"పొమ్మన్నారు. ఒంటరిగా పొమ్మన్నారా?"

"తోడొస్తానన్నవాడు ఒక్కడున్నాడా మరి?"

"పొమ్మన్నది ఎవరు అని రూల్లో లేదురా. తప్పెవరిది అనే ఉంది."

ఆ జవాబు ఆమెకే నచ్చింది. ఎంత గట్టిగా ఉంది. గోరు దూరే సందు కూడా లేదు. తమ్ముడు కాబట్టి సడలిస్తే రేపు షెడ్డులో తలెత్తుకోలేనని కూడా చెప్పింది. తమ్ముడు దుప్పటివైపు వీపు తిప్పాడు.

ముందు గదిలోంచి అమ్మ కేకేసింది, ఇవాళ ఎంతమందిని చంపావే అని. రోజూ అడిగే మాటే. రూలక్క, ఇవాళ నీ కొడుకునే అంది. అమ్మ నవ్వింది. దుప్పటి అవతల తమ్ముడికి కూడా నవ్వు ఆగలేదు. నక్క చావలేదు. రోజుకో అడుగు వెనకబడుతూ, గుంపు వదిలేసిన ఎముకలు గీక్కుంటూ పాకుతోంది. చదివేవాళ్ళకు అదే రుచిగా ఉంది. కళ్ళజోడు పొద్దున షెడ్డులోకి రాగానే, ఏంటి నక్కగారూ, ఇంకా ఉన్నారా అని పలకరించేవాడు.

*

మూతల ప్రెస్సుకు ముందు ఒక తలుపుంటుంది. అది మూసుకుంటేనే అచ్చు రెండు పలకలూ వచ్చి కలుస్తాయి. తలుపు తెరిచి ఉంటే పలకలు కదలవు. తలుపు మూలనున్న చిన్న స్విచ్చి చేసే పని అది. వేడి ప్లాస్టిక్కు లోపలికి చిమ్ముతుంది, చల్లారుతుంది, పలకలు విడిపోతాయి, ఆపరేటరు తలుపు లాగి మూత తీసి మళ్ళీ తలుపు మూస్తాడు. ఆ స్విచ్చిని తీగతో బిగించి కట్టేస్తే తలుపుతో పని లేదు. తలుపు ఎప్పుడూ మూసే ఉందని ప్రెస్సు అనుకుంటుంది. మనిషి చెయ్యి లోపల ఉందో బయట ఉందో దానికి తెలియదు.

పెద్ద ఆర్డరు వచ్చింది. సారు తన గాజుగదిలోంచి బయటికొచ్చి ప్రెస్సుల మధ్య ఒక చుట్టు తిరిగాడు. కట్టమని ఆయన అనలేదు. అలాంటివి ఆయన అనడు. తలుపుల దగ్గర టైం పోతోంది, కాస్త చూడమ్మా అన్నాడు. చూడడమంటే ఏమిటో ఆ షెడ్డులో తెలియనివాళ్ళు లేరు. రూలక్క మూడో ప్రెస్సు దగ్గరికెళ్ళి స్విచ్చికి తీగ చుట్టమని తమ్ముడికి చెప్పింది.

అచ్చు అంటుకుంటోంది, మూత దానంతట అది రాలడం లేదు, వేళ్ళు లోపల పెట్టి లాగాల్సొస్తోంది అని తమ్ముడు చెప్పాడు. చూసుకుని లాగు అంది. ఆమె కళ్ళు అప్పటికే నాలుగో ప్రెస్సు మీద ఉన్నాయి. తమ్ముడు పట్టకారు తీసుకుని తీగ రెండు చుట్లు చుట్టి మెలిపెట్టాడు. మెలి చివర చేతికి గుచ్చుకోకుండా జాగ్రత్తగా లోపలికి వంచాడు.

మధ్యాహ్నం దాకా బాగానే నడిచింది. మూతలు గుట్ట పడ్డాయి. తర్వాత ఒక మూత పలకకు కరుచుకుంది. తమ్ముడు కుడిచెయ్యి పెట్టి అంచు పట్టుకుని లాగాడు, రాలేదు. ఇంకాస్త లోపలికి పెట్టాడు.

ముందు అరుపు రాలేదు. ప్రెస్సు రోజూ చేసే చప్పుడే, కొంచెం మెత్తగా వచ్చింది. ఆ మెత్తదనానికే అందరి తలలూ తిరిగాయి. పక్క ఆపరేటరు ఎర్ర బొత్తాం కొట్టాడు. పలకలు విడిపోయేలోగా తమ్ముడి మొహంలో రంగు లేదు.

రూలక్క పరుగెత్తుకుంటూ వచ్చింది. తమ్ముడి చెయ్యి చూసింది. చూడగానే ఆమె నోట్లోంచి వచ్చిన మాట షెడ్డంతా విన్నది.

"తీగ ఎవరు కట్టారు?"

తమ్ముడు ఆమె వైపు చూశాడు. నొప్పితో చూసే చూపు కాదది. ఏదో సరిచూసుకుంటున్నట్టు చూశాడు.

చుట్టూ మూగినవాళ్ళు కదల్లేదు. తమ వంతు వచ్చేదాకా ఆగే అలవాటు వాళ్ళకు బాగా పడిపోయింది. స్టోరు మామ గోడకున్న పెట్టెనూ దాని తాళాన్నీ చూశాడు. చూసుకుని పెట్టాలి కదా అని కళ్ళజోడు గొణిగాడు, ఎవరూ అడక్కుండానే. సారు గాజుగది తలుపు తెరుచుకుంటోంది. టేపు పిన్ని ఒక్కతే జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వచ్చి, కుర్రాడి చేతికి గుడ్డ చుట్టి, పైన అట్టపెట్టెల టేపు గిర్రున తిప్పి పళ్ళతో తెంపింది. టేపు మీద నీలం అక్షరాలు, జాగ్రత్తగా దించండి అని.

*

బొటనవేలూ చూపుడువేలూ దక్కుతాయన్నాడు డాక్టరు. చివరి మూడూ చితికాయి. కడిగి, సూదులు గుచ్చి, నిలబెట్టాడు. ఇంకో ఆపరేషను చేసి రక్తం అందించాలి, అదీ త్వరగా. ఆలస్యమైతే నల్లబడతాయి. ఆ ఆపరేషను చేసేది కంపెనీ ఖాతాలో. దానికి కంపెనీ నుంచి ఒక ముక్క రావాలి, తప్పు ఆపరేటరుది కాదని.

సారు రూలక్కను గాజుగదికి పిలిపించి తీగ కట్టింది ఎవరని అడిగాడు. వాడే సార్ అంది. అబద్ధం కాదు. కట్టమన్నది ఎవరని ఆయన అడగలేదు. అడగని దానికి ఆమె చెప్పలేదు. గది బయటికొచ్చేటప్పుడు తలుపు చప్పుడు కాకుండా నెమ్మదిగా వేసింది.

మూడో ప్రెస్సు ఆ సాయంత్రమే మళ్ళీ తిరిగింది. కొత్త మనిషి, పాత తీగ.

ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుని ఆమె ఫోరం తెరిచింది. గుంపు అప్పటికే ఏటవాలు ఎక్కుతోంది, నక్క ఎక్కడో కింద ఉంది. ఆమె రాసింది: 'మందుల సంచి రూలు కొట్టేస్తున్నాను. నక్కకు మందు ఇవ్వండి.' రాశాక గుండె కాస్త తేలికపడింది. అక్కడ కొట్టెయ్యడం ఎంత సులువు. వేలు ఒకసారి కదిపితే చాలు.

కళ్ళజోడు ఊరుకోలేదు. తమ్ముడికి దెబ్బ తగిలితే రూలు మారుతుందా అని నిలదీశాడు. దాని కింద ఎవరూ నవ్వలేదు, కాదనీ అనలేదు. అప్పుడు నక్క పేరు మీద ఒక ముక్క వచ్చింది. వార్డులోంచి, ఎడమచేత్తో.

'రూలు ఉంచు. నువ్వూ ఒళ్ళు రాసుకుని దిగు.'

వార్డు తలుపు ఆమెకు ఎదురుగానే ఉంది. లేచి నాలుగడుగులు వేస్తే మంచం. లేవలేదు. ఒళ్ళు రాసుకోవడం మొదలుపెట్టింది. ఇంతమందికి ఇన్ని ఒళ్ళు సరిచూసింది కానీ తనకు ఎంత ఆకలి ఆగుతుందో, ఎంత చలి ఆగుతుందో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. అందరికన్నా తక్కువే రాసుకుంది. ఎక్కువ రాయబోతే సిగ్గేసింది.

దిగిన మొదటి వంతులోనే, ఏటవాలు కిందే, తోడేలు. పాచికలు ఆమె వైపు లేవు. పిక్క చీలింది. ఆమె మనిషి మంచులో కూలబడి మందు అడిగింది. గుంపు తలో మాటా అనకముందే నక్క పాకుతూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నట్టు రాశాడు తమ్ముడు. అడిగింది కూడా నక్కే.

'తప్పెవరిది?'

షెడ్డు మొత్తం చదువుతోంది. ఆమెకు తెలుసు. టైపు చేసింది, చెరిపింది, మళ్ళీ చేసింది.

'నాది. తీగ కట్టమన్నది నేను.'

ఫోరంలో ఒక్క నవ్వు బొమ్మ పడలేదు. వార్డులో ఎవరో దగ్గారు. తర్వాత తమ్ముడి జవాబు వచ్చింది.

'ఇక్కడ కాదక్కా.'

*

మర్నాడు పొద్దున్నే షెడ్డు తెరవగానే ఆమె పిలవకుండానే గాజుగదిలోకి వెళ్ళింది. కట్టమన్నది నేను సార్ అంది. తలుపుల దగ్గర టైం పోతోంది చూడమన్నది మీరు అని కూడా అంది.

సారు కోపగించుకోలేదు. దానికే ఆమెకు భయమేసింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు, బరువు దిగినవాడిలా.

"చూడమన్నాను. కట్టమన్నానామ్మా?"

ఆ మాట ఆమె ఇంతకుముందు విన్నది. దుప్పటికి ఈ పక్కన, తన నోటి నుంచే విన్నది.

ఆయన చాలా మర్యాదగా వివరించాడు. కట్టినవాడు తమ్ముడు, కట్టమన్నది అక్క. ఒకటి కాదు, రెండు తప్పులన్నమాట. ఇందులో కంపెనీ చేసేదేముంది, ఇది ఇంటి వ్యవహారం. నిజం ఒప్పుకున్నందుకు ఆమెను మెచ్చుకున్నాడు కూడా. లైన్ లీడరు పని ఇవాళ్టి నుంచి ఇంకొకరు చూస్తారు, నువ్వు ప్యాకింగులో ఉండు అన్నాడు. ఆస్పత్రికి వెళ్ళాల్సిన ముక్క మధ్యాహ్నానికి వెళ్ళింది. ఆపరేటరు తప్పు, దానికి తోడు లైన్ లీడరు తప్పు. ఆమె నోరు విప్పకముందు తమ్ముడి మీద ఒక వేలే చూపించేవాళ్ళు. ఇప్పుడు రెండు.

అమ్మ ఇంట్లో ఉన్నవన్నీ మూటగట్టి బయల్దేరింది, ఎక్కడైనా కుదువపెట్టి ఆపరేషను చేయిద్దామని. డాక్టరు ఆమెను కూర్చోబెట్టి ఇక అక్కర్లేదని చెప్పాడు. రంగు మారిపోయింది. ఆ సాయంత్రం మూడు వేళ్ళూ తీసేశారు.

రూలక్క వెళ్ళేసరికి తమ్ముడు కళ్ళు తెరిచే ఉన్నాడు. కట్టు చిన్నదిగా ఉంది, ఉండాల్సిన దానికన్నా చిన్నదిగా. అమ్మ మంచం అవతలి అంచున కూర్చుని ఆమె వైపు చూడలేదు. కొడుకు దుప్పటి సర్దుతూనే ఉంది, సర్దడానికి ఇంకేం లేకపోయినా. నువ్వే కదే ఆ మిషను మీద నిలబెట్టావు అని ఒక్కసారి అంది, గోడతో అన్నట్టు.

చెప్పావా అని తమ్ముడు అడిగాడు. చెప్పానంది. సారు అన్నదంతా పొల్లుపోకుండా అప్పజెప్పింది. తమ్ముడు వింటూ వింటూ నవ్వాడు. ఆ నవ్వుకు కట్టు కదిలి మొహం వంకర తిరిగింది.

"అడిగేవాడికి ఒళ్ళు లేదక్కా. నీకు లేనట్టే. ఇక వాడికేం తగులుద్ది?"

ఆమె తమ్ముడి ఎడమచేతిని పట్టుకోబోయింది. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు కానీ పట్టు కూడా ఇవ్వలేదు. అలాగే వదిలేశాడు, ఎవరిదో వస్తువు అక్కడ పడి ఉన్నట్టు.

*

ప్యాకింగులో ఆమె పిన్ని పక్కన నిలబడి టేపు అంటిస్తోంది. చేత కావడం లేదు. టేపు ముడతలు పడుతోంది, చేతికే అంటుకుపోతోంది. పిన్ని ఏమీ అనకుండా ముడత లాగి సరిచేస్తోంది. మధ్యాహ్నం తుక్కు బస్తాల మీద కూర్చుని రూలక్క ఫోరం తెరిచింది. ఈసారి రూలు దానంతట అది రాలేదు. ఒక్కో మాటా పీకి పీకి తీయాల్సొచ్చింది. పాతది కొట్టేసి దాని చోట ఇది పెట్టింది.

'ముందు కట్టు కట్టాలి. ఆ తర్వాత, తప్పెవరిదని అడగాలనుకునేవాడు తన రెండు చేతులూ గుంపు మధ్య పెట్టి అడగాలి. చెయ్యి పెట్టనివాడికి జవాబు చెప్పనక్కర్లేదు.'

తుది నిర్ణయం తనది కాదని కూడా రాసింది. మీరు ఒప్పుకుంటేనే రూలు, లేకపోతే లేదు. ఇంతకుముందు ఆమె అలా ఎప్పుడూ రాయలేదు. పిన్ని సరే అంది. మామ సరే అన్నాడు. కళ్ళజోడు ఆ రోజంతా ఏమీ రాయలేదు. మర్నాడు ఆటలో ఇంకెవరికో కాలు విరిగితే అతని మనిషే ముందు కట్టు కట్టింది. తర్వాత మంచులో రెండు చేతులూ పెట్టింది. ఏమీ అడక్కుండానే వాటిని వెనక్కి తీసుకుంది.

ఆ వారం చివర సారు సాక్షులను పిలిచాడు. కాగితాల తంతు పూర్తిచెయ్యాలి, ఎవరో పైవాళ్ళు అడిగారట. గాజుగదిలో బల్లకు అవతల సారు, ఇవతల కళ్ళజోడు, స్టోరు మామ, టేపు పిన్ని. తప్పు ఒప్పుకున్న మనిషి కాబట్టి రూలక్కను గోడవార నిలబెట్టారు. గాజు అవతల ప్రెస్సులు తిరుగుతున్నాయి. మూడో ప్రెస్సు దగ్గర కొత్త కుర్రాడు మోచేతి దాకా లోపల పెట్టి మూత లాగుతున్నాడు.

సారుకు తొందరగా ఉంది. మోచేతులు బల్ల మీద ఆన్చి, కలం తిప్పుతూ, చిన్నవాడు కదా తేలిగ్గా అయిపోతుందని కళ్ళజోడుతో మొదలుపెట్టాడు. అందరికీ తెలిసిన ఆ మాటే అడిగాడు.

కళ్ళజోడు అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. గోడవారనున్న ఆమె వైపు చూడలేదు. తర్వాత తన రెండు చేతులూ తెచ్చి బల్ల మీద బోర్లా పెట్టాడు.

"ముందు మీ చేతులు చూపించండి సార్."

సారుకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాడు. కళ్ళజోడు జవాబు చెప్పలేదు. మామ కుర్చీ ముందుకు జరుపుకుని తన చేతులు పెట్టాడు, గ్రీజు మరకలతో, పగిలిన గోళ్ళతో. పిన్ని పెట్టింది, బొటనవేలి మీద కొత్త మచ్చతో. రూలక్క గోడ వదిలి వచ్చి తనవీ పెట్టింది. టేపు జిగురు అంటిన వేళ్ళు బల్లకు కాస్త అతుక్కున్నాయి.

ఏంటీ వేషాలు, మీ ఆటలు ఇక్కడ కాదు అన్నాడు సారు. ఆట కాదు సార్ అంది పిన్ని, చాలా మామూలుగా, అట్టపెట్టె మూసేటప్పటి గొంతుతో. అడగండి, చేతులు పెట్టి అడగండి, చెబుతాం.

బల్ల మీద వాళ్ళ ఎనిమిది చేతులూ కదలకుండా ఉన్నాయి. వాటి ఎదురుగా సారువి రెండు. తెల్లగా, నున్నగా, ఒక్క గీత లేకుండా, పది వేళ్ళూ పూర్తిగా. అప్పటిదాకా ఆయన కూడా వాటిని చూసుకున్నట్టు లేదు. ఇప్పుడు చూసుకున్నాడు. గదిలో అందరూ వాటినే చూస్తున్నారని కూడా చూశాడు.

కలం కింద పెట్టాడు. నెమ్మదిగా, ఎవరూ గమనించరనుకున్నట్టు, చేతులు రెండూ బల్ల కిందికి తీసుకున్నాడు.